199 మెట్లు

"ఆస్ట్రేలియాను కనుగొన్నది ఎవరు?"

"కెప్టెన్ కుక్!"

శనివారం చివరి పీరియడ్‌లో జనరల్ నాలెడ్జ్ బిట్లు చెప్పించేటప్పుడు మా బడిలో వినిపించే కేక ఇది. ఇరవై ఏళ్ళుగా నేను అడుగుతున్నాను, పిల్లలు చెబుతున్నారు. వాళ్ళు కోయ పిల్లలు. అడిగే నేనూ కోయవాణ్ణే. ఆ ప్రశ్నలో ఏదో తేడా ఉందని నాకు గానీ వాళ్ళకు గానీ ఒక్కనాడూ తోచలేదు. అది తోచడానికి నేను ఆ కుక్ నిద్రపోయిన ఇంటి అటక దాకా వెళ్ళాల్సి వచ్చింది.

మాది భద్రాచలం అవతల గోదావరి పక్కన ఒక గూడెం. మా అక్క కూతురు గురుకులంలో చదివి, ఇంజనీరింగ్ పాసై, ప్రభుత్వం ఎస్టీ విద్యార్థులకిచ్చే విదేశీ విద్యా సహాయంతో ఇంగ్లండ్ వెళ్ళింది. మిడిల్స్‌బ్రో అనే ఊళ్ళో టీసైడ్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేరింది. మా గూడెం నుంచి విమానం ఎక్కిన మొదటి మనిషి ఆమే. ఏడాది గడిచాక ఫోన్‌లో గొంతు మారింది. "బాగానే ఉన్నాను మామా" అనేది గానీ ఆ 'బాగానే' లో బాగు లేదు. అక్కకు చదువు రాదు. బావ లేడు. "నువ్వే పోయి చూసి రా తమ్ముడూ" అంది అక్క. దాచుకున్న డబ్బులు తీసి, పాస్‌పోర్టు చేయించుకుని, డిపార్టుమెంటు అనుమతి తీసుకుని, వేసవి సెలవుల్లో బయల్దేరాను. అక్క ఇప్పపువ్వు లడ్డూలు ఒక డబ్బా కట్టిచ్చింది. పాలు, నెయ్యి ఉన్నవి ఆ దేశంలోకి రానివ్వరని అమ్మాయి ముందే చెప్పింది కాబట్టి పల్లీలు, నువ్వులు, బెల్లంతోనే చేసింది.

మిడిల్స్‌బ్రో ఇనుము, ఉక్కు కార్ఖానాలతో పెరిగిన ఊరు. సిడ్నీ హార్బర్ బ్రిడ్జిని కట్టిన డోర్మన్ లాంగ్ కంపెనీ ఈ ఊరిదే. ఇప్పుడు ఆ కార్ఖానాలు లేవు. బొగ్గు బావులు మూతపడిన మా సింగరేణి ఊళ్ళను చూసినవాళ్ళకు ఆ వీధుల్లో నడిస్తే కొత్తగా ఏమీ అనిపించదు. అమ్మాయి వారంలో కొన్ని రాత్రులు ఒక వృద్ధాశ్రమంలో పని చేస్తుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. నన్ను చూసి నవ్వింది, తర్వాత ఏడ్చింది. ఆమెకు రెండు రోజులు సెలవు దొరికింది. "సముద్రం దగ్గరికి పోదాం మామా. ఇక్కడివాళ్ళందరూ సెలవొస్తే అక్కడికే పోతారు" అంది.

ఇంగ్లండ్ అంటే మనం లండన్ అనుకుంటాం. పెద్ద గడియారం, రాణిగారి కోట. కానీ అక్కడి సామాన్యులకు సెలవంటే సముద్రపు ఒడ్డునున్న చిన్న ఊరు. రైళ్ళు వచ్చాక, 19వ శతాబ్దం నుంచీ కార్ఖానాల వాళ్ళు, గనుల వాళ్ళు పిల్లలను వెంటేసుకుని ఇలా పోవడం అలవాటు చేసుకున్నారు. మేము వెళ్ళింది యార్క్‌షైర్ తీరంలోని విట్బీకి. మిడిల్స్‌బ్రో నుంచి రెండు పెట్టెల చిన్న రైలు గంటన్నర పోతుంది. ఎస్క్ అనే వాగులాంటి నదిని పట్టుకుని, దాన్ని మళ్ళీ మళ్ళీ దాటుకుంటూ, లోయలోంచి సాగే దారి. రెండు పక్కలా పచ్చిక, రాళ్ళు పేర్చిన గోడలు, గొర్రెలు, పిల్లగొర్రెలు. ముళ్ళపొదల నిండా పసుపు పూలు. పైన గుట్టల మీద చెట్టు లేదు, గోధుమ రంగు పొదలు మాత్రం ఉన్నాయి. అవి ఆగస్టులో పూసి గుట్టంతా ఊదా రంగు అవుతుందట.

మా పెట్టెలోనే నలుగురు తెలుగు పిల్లలు ఎక్కారు. అదే యూనివర్సిటీ. మన మాట వినపడగానే పక్క సీట్లలోకి వచ్చారు.

"అన్నా, మీదే ఊరు?"

"భద్రాచలం దగ్గర."

"ఓ, రాములోరి ఊరు! మరి మీరేమవుతారన్నా?"

ఈ ప్రశ్న అర్థం మీకు చెప్పక్కర్లేదు. నేను నోరు తెరిచేలోపే అమ్మాయి, "కొత్తగూడెం మాది. సింగరేణి" అనేసి కిటికీలోంచి బయటికి చూడసాగింది. వాళ్ళు ఇంకేదో మాట్లాడుకున్నారు. మంచి పిల్లలే. నేనేమీ అనలేదు. డి.ఎడ్. చదివేటప్పుడు నేను కూడా రూమ్మేట్లకు రెండేళ్ళు ఇలాంటి జవాబే చెప్పాను. కోయభాషలో ఇంటికి ఫోన్ చేయాల్సి వస్తే దూరంగా ఉన్న ఎస్టీడీ బూత్‌కి పోయేవాణ్ణి. తప్పు పట్టే అర్హత నాకెక్కడిది?

విట్బీలో నది సముద్రంలో కలుస్తుంది. నదికి రెండు ఒడ్డులా రెండు గుట్టలు, మధ్యలో పడవలు వస్తే పక్కకు తిరిగే వంతెన. ఎర్ర పెంకుల ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు ఉంటాయి. తూర్పు గుట్ట ఎక్కడానికి 199 రాతి మెట్లు. ఎక్కేవాళ్ళందరూ లెక్కపెడుతూ ఎక్కుతారు. నాకు 198 వచ్చింది, అమ్మాయికి 200. మధ్య మధ్య కొన్ని మెట్లు వెడల్పుగా, పక్కన బల్లలతో ఉన్నాయి. పైనున్న చర్చి శ్మశానానికి శవపేటిక మోసేవాళ్ళు దించుకుని అలుపు తీర్చుకోవడానికి అవి పెట్టారు. మన దారుల్లో కూడా పాడె దింపే చోటు ఒకటి ఉంటుంది కదా. బరువు మోసేవాళ్ళ అవసరం ఎక్కడైనా ఒకటే.

మెట్ల పైన సెయింట్ మేరీ చర్చి, దాని వెనక పైకప్పు లేని పెద్ద మఠం శిథిలం. ఆకాశమే కప్పుగా మిగిలిన రాతి కమానులు. ఈ గుట్ట మీద మొదటి మఠం క్రీ.శ. 657లో వెలిసింది. దాన్ని నడిపినది హిల్డ్ అనే స్త్రీ. మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఉన్న మఠానికి ఆమే పెద్ద. ఇప్పుడు కనిపించే రాళ్ళు ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళకు కట్టినవి. 1539లో రాజు ఎనిమిదో హెన్రీ కాలంలో మఠాన్ని మూసేశారు. 1914 డిసెంబరులో జర్మన్ యుద్ధనౌకల ఫిరంగి గుండ్లు కూడా దానికి తగిలాయి. చాలామంది ఇక్కడికి డ్రాకులా కోసం వస్తారు. బ్రామ్ స్టోకర్ 1890లో ఈ ఊళ్ళో బస చేసి, 1897లో అచ్చయిన తన నవలలో ఈ మెట్లనూ శ్మశానాన్నీ పెట్టాడు. నల్ల దుస్తుల్లో కుర్రకారు ఫొటోలు దిగుతున్నారు. నన్ను మాత్రం చర్చి ముందున్న ఒక రాతి స్తంభం ఆపేసింది. 1898లో నిలబెట్టిన ఆ శిలువ స్తంభం కాడ్మన్ అనే పశువుల కాపరిది.

కాడ్మన్ కథను బీడ్ అనే సన్యాసి 731లో ముగించిన తన చరిత్ర పుస్తకంలో రాశాడు. కాడ్మన్ మఠం పశువులను కాసేవాడు. చదువు లేదు. విందుల్లో వీణలాంటి వాద్యం ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వస్తుంది. ఎవరి వంతు వస్తే వాళ్ళు పాడాలి. తన వంతు దగ్గరపడుతుంటే కాడ్మన్ లేచి పశువుల కొట్టంలోకి పోయేవాడు. ఒక రాత్రి కొట్టంలో పడుకుంటే కలలో ఎవరో వచ్చి పాడమన్నారు. నాకు రాదు, రాకనే ఇక్కడికి వచ్చానన్నాడు. అయినా పాడమని, ఈ సృష్టి ఎలా మొదలైందో పాడమని అడిగారు. పాడాడు. తెల్లవారాక ఈ మాట పై మనిషికి చెబితే ఆయన హిల్డ్ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె చదువుకున్నవాళ్ళను పిలిచి వాళ్ళ ముందు పాడించింది. మెచ్చుకుని మఠంలో చేర్చుకుంది. ఆయన పాడిన తొమ్మిది పాదాల పాట ఇప్పటికీ మిగిలి ఉంది. ఇంగ్లీషులో పేరు తెలిసిన మొదటి కవి ఆయనే.

నేను ఆ స్తంభం దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఆశ్రమ పాఠశాలలో మూడో తరగతిలో ఉన్నప్పుడు తెలుగు వాచకం ఒక్కొక్కరం లేచి చదవాలి. నాకు అప్పటికి తెలుగు సరిగా రాదు. నా వరస దగ్గరికి రాగానే చిటికెన వేలు చూపించి బయటికి పోయేవాణ్ణి. బడి వెనక చింతచెట్టు కింద నిలబడి, నా వంతు దాటిపోయిందని గొంతులను బట్టి తెలుసుకుని లోపలికి వచ్చేవాణ్ణి. అది నాకు మాత్రమే ఉన్న సిగ్గని నలభై ఏళ్ళు అనుకున్నాను. పదమూడు వందల ఏళ్ళ కింద ఇంగ్లీషు భాషకు మొదటి కవి కూడా అదే చేశాడని ఎవరైనా అప్పుడు చెప్పి ఉంటే!

తోటి ఉపాధ్యాయులకు ఒక్క మాట. ఈ కథలో నాకు కాడ్మన్ కన్నా హిల్డ్ గొప్పగా తోచింది. ఆ కాలంలో చదువంటే లాటిన్. ఆమె ముందు లాటిన్ నేర్చుకుని రమ్మనలేదు. చదువుకున్నవాళ్ళ చేత గ్రంథాల్లోని కథలు అతనికి చెప్పించింది. అతను వాటిని విని, నెమరు వేసుకుని, తన జనం మాటలో పాటగా కట్టి ఇచ్చేవాడు. చెప్పినవాళ్ళే కూర్చుని వినేవాళ్ళు. మా గూడేల్లో డోలీలు ఉన్నారు. పడిగె విప్పి, డోలు వాయిస్తూ, ఏ గట్టు వాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో, ఎవరు ఏ వేల్పుకు మొక్కుతారో రాత్రంతా పాడతారు. ఆ కళకు 2022లో సకిని రామచంద్రయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. ఆ పాటల్లో మా చరిత్ర ఉందని నాకు తెలుసు. అయినా ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఒక డోలీని నా బడికి పిలిచి కూర్చోబెట్టలేదు.

మెట్లు దిగితే సన్నటి రాళ్ళ సందుల్లో దుకాణాలు. రెండు వస్తువులు అన్నింట్లో కనిపిస్తాయి. ఒకటి జెట్. కోట్ల ఏళ్ళ కింద సముద్రంలో మునిగిన చెట్టు నల్ల రాయిలా మారినది. 1861లో భర్త పోయాక విక్టోరియా రాణి సంతాపంగా ధరించడంతో దానికి గిరాకీ పెరిగింది. రెండోది అమ్మొనైట్, చుట్ట చుట్టుకున్న గవ్వలాంటి శిలాజం. గుట్ట మీది పాములన్నింటినీ హిల్డ్ రాళ్ళుగా మార్చిందని ఇక్కడి జనం కథ చెప్పుకున్నారు. కథ నిజమనిపించడానికి పాతకాలం వ్యాపారులు ఆ రాళ్ళకు పాము తలలు కూడా చెక్కి అమ్మేవారు. రాయికీ గుట్టకూ కథ కట్టుకునేది మనమొక్కళ్ళమే కాదు. మనం చెబితే మూఢనమ్మకం అంటారు, వాళ్ళది ఊరి చిహ్నంలో మూడు అమ్మొనైట్లుగా నిలిచింది. తేడా అంతే.

గ్రేప్ లేన్ అనే సందులో రేవు పక్కన పాత ఇల్లు ఒకటి ఉంది. అది ఇప్పుడు కెప్టెన్ కుక్ మ్యూజియం. జేమ్స్ కుక్ 1728లో, ఇప్పుడు మిడిల్స్‌బ్రోలో భాగమైన మార్టన్‌లో పుట్టాడు. తండ్రి వ్యవసాయ కూలీ. తండ్రి పనిచేసిన ఆసామి డబ్బు కడితే గ్రేట్ ఏటన్ బడిలో చదువుకున్నాడు. మా రైలు ఆ స్టేషన్ మీదుగానే వచ్చింది. తర్వాత స్టేత్స్ అనే జాలరి ఊళ్ళో దుకాణంలో పనికి కుదిరాడు. అది నచ్చక 1746లో విట్బీకి వచ్చి జాన్ వాకర్ అనే ఓడల యజమాని దగ్గర పని నేర్చుకునే కుర్రాడిగా చేరాడు. బొగ్గు మోసే ఓడల్లో పని. ఓడ రేవులో ఉన్నప్పుడు కుర్రాళ్ళందరూ పడుకున్నది ఈ ఇంటి అటక మీదే. మేము ఆ అటక ఎక్కాం. వాలు కప్పు, మందపాటి దూలాలు, కింద నది.

నిజం చెబితే అక్కడ నాకు ఆ కుర్రాడి మీద ప్రేమ కలిగింది. కూలీ కొడుకు. ఒకరి సాయంతో చదివాడు. పరాయి ఇంట్లో, అటక మీద పడుకుని లెక్కలు, నౌకాయానం నేర్చుకున్నాడు. హాస్టల్ వరండాలో చాప మీద చదివిన మా తరమంతా నాకు గుర్తొచ్చింది. అదే మాట అమ్మాయితో అన్నాను.

ఆమె గోడ మీది పటం చూస్తోంది. "మామా, ఆయన పోయేసరికి అక్కడ మనుషులు లేరా?" అంది.

ఉన్నారు. 50 వేల ఏళ్ళకు పైగా ఉన్నారు. 1770 ఏప్రిల్ 29న కుక్ ఓడ ఎండెవర్ బాటనీ బే చేరింది. ఆ ఓడ కూడా విట్బీలో కట్టిన బొగ్గు ఓడే. ఒడ్డున ఇద్దరు మనుషులు ఈటెలతో అడ్డు నిలబడ్డారు. ఓడవాళ్ళు తుపాకీ పేల్చారు. అక్కడి గుడిసెల దగ్గరున్న ఈటెలు తీసుకున్నారు. అదే ఏడాది ఆగస్టు 22న ఆ తూర్పు తీరమంతా తమ రాజుదని కుక్ ప్రకటించాడు. ఎవరినీ అడగలేదు. ఆ నేల ఎవరిదీ కాదన్న లెక్కను ఆస్ట్రేలియా హైకోర్టు కొట్టేసేసరికి 1992 వచ్చింది. అది మాబో కేసు. ఏజెన్సీ భూములు గిరిజనేతర కంపెనీలకు ఇవ్వకూడదన్న మన సమతా తీర్పు 1997లో వచ్చింది. ఈ రెండు తీర్పులనూ ఒకే కాగితం మీద రాసి చూడండి. అమ్మాయి ఫోన్‌లో వెతికి ఇంకో సంగతి చదివింది. ఆనాడు తీసుకుపోయిన ఈటెల్లో నాలుగు కేంబ్రిడ్జ్‌లోని ట్రినిటీ కాలేజీ దగ్గర మిగిలి ఉంటే, వాటిని 2024లో ఆ తీరపు ఆదివాసీలకు తిరిగి ఇచ్చేశారు. 254 ఏళ్ళు పట్టింది.

కుక్ కూడా 1779లో హవాయి దీవి ఒడ్డున అక్కడి జనంతో గొడవలో చనిపోయాడు. అటక మీది పేద కుర్రాడూ, జెండా పాతిన కెప్టెనూ ఒక్కడే. ఒకణ్ణి చూపించి ఇంకొకణ్ణి దాచిపెడితే పాఠం అబద్ధమవుతుంది. నేను ఇరవై ఏళ్ళుగా ఇద్దరిలో ఏ ఒక్కణ్ణీ చూపించకుండా పేరు మాత్రం కేక వేయించాను.

సాయంత్రం పడమటి గుట్ట ఎక్కాం. అక్కడ కుక్ విగ్రహం, దాని దగ్గరే తిమింగలం దవడ ఎముకల కమాను. ఒకప్పుడు విట్బీ ఓడలు తిమింగలాల వేటకు ఉత్తర సముద్రాలకు పోయేవి. ఇప్పుడున్న ఎముకలు 2003లో అలాస్కాలోని బారో ఊరి నుంచి వచ్చాయి. అక్కడి ఇనుపియాట్ ఆదివాసీలు తమ తిండి కోసం అనుమతితో వేటాడిన తిమింగలానివి. వాటి మధ్య నిలబడితే ఎదురు గుట్ట మీది మఠం పటం కట్టినట్టు కనిపిస్తుంది. అక్కడ అందరూ తీసుకునే ఫొటో అదే. మేమూ తీసుకున్నాం. తర్వాత రేవు గట్టు మీద కూర్చుని పిండిలో ముంచి వేయించిన చేప, బంగాళదుంప ముక్కలు తిన్నాం. సీగల్ పక్షి ఒకటి నా చేతిలోంచి ముక్క ఎత్తుకుపోయింది. అమ్మాయి పడీ పడీ నవ్వింది. నేను వచ్చాక ఆ నవ్వు వినడం అదే మొదలు.

రాత్రి తొమ్మిదైనా వెలుతురు పోలేదు. అప్పుడు చెప్పింది. "మామా, పొద్దున అలా ఎందుకన్నానో అడగవేం?" నేను ఊరుకున్నాను. మొదట్లో ఒక ఇంట్లో ఆరుగురితో ఉండేదట. ఈమెకు ప్రభుత్వ సహాయం వచ్చిందని తెలిసిన రోజు నుంచి, 'నీకేం, అంతా ఫ్రీ' అని ఒకరు, అడవిలో ఏం తింటారని ఇంకొకరు. వేళాకోళమే, కొట్టింది లేదు తిట్టింది లేదు. ఇల్లు మారింది. మారిన ఇంట్లో ఊరి పేరు మార్చి చెప్పింది. "అబద్ధం చెప్పిన రోజు నుంచి అమ్మతో కోయలో మాట్లాడాలంటే బాత్రూంలోకి పోవాల్సి వస్తోంది" అంది. ఎస్టీడీ బూత్ సంగతి నేను అప్పుడు చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు నడక. విట్బీ నుంచి రాబిన్ హుడ్స్ బే అనే ఊరికి కొండ అంచు మీదుగా 11 కిలోమీటర్లు. ఇది క్లీవ్‌లాండ్ వే అనే కాలిబాటలో ఒక ముక్క. 1969లో తెరిచిన ఆ బాట మొత్తం 175 కిలోమీటర్లకు పైనే. ఎడమ వైపు సముద్రం, కుడి వైపు పొలాలు. నాకు వింతగా తోచింది ఏమిటంటే, ఆ దారి రైతుల సొంత పొలాల్లోంచి పోతుంది. గేటు తీసి, లోపలికి పోయి, మళ్ళీ గేటు వేయాలి. గొర్రెల మధ్య నుంచి నడవాలి. ఎవరూ ఆపరు. జనం తరతరాలుగా నడిచిన దారి మీద జనానికి హక్కు ఉంటుంది. నేల యజమాని కూడా దాన్ని మూయకూడదు. ఈ హక్కులు ఊరికే రాలేదు. 1932లో కిండర్ స్కౌట్ అనే గుట్ట మీదికి కార్ఖానా కూలీలు వందలమంది, జమీందార్ల కాపలావాళ్ళను దాటుకుని ఎక్కారు. కొందరు జైలుకు పోయారు. 1949లో నేషనల్ పార్కుల చట్టం వచ్చింది. మేము నడిచిన నేల కూడా 1952లో ఏర్పడిన నార్త్ యార్క్ మూర్స్ నేషనల్ పార్కులోదే.

ఆ పార్కు లోపల ఊళ్ళున్నాయి. పొలాలున్నాయి, గొర్రెలున్నాయి, బడులున్నాయి. పార్కు ప్రకటించారు కాబట్టి లేచిపొమ్మని వాళ్ళను ఎవరూ అనలేదు. మా నాన్న మీద పోడు కేసు ఉండేది. తాత కొట్టిన చేనులో జొన్న వేసినందుకు కోర్టు చుట్టూ తిరిగాడు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక పట్టా వచ్చింది గానీ అప్పటికి ఆయన లేడు. అడవి బతకాలంటే మనిషి పోవాలన్నది ప్రకృతి నియమం కాదని ఆ కొండ అంచున నడుస్తూ నాకు బాగా అర్థమైంది. ఆ దేశంలోనూ చిక్కులున్నాయి. ఆ గుట్టల మీద ఒకప్పటి అడవి ఇప్పుడు లేదు. ఇలాంటి ఊళ్ళలో చాలా ఇళ్ళు సెలవులకు వచ్చేవాళ్ళవైపోయి, ఊరి కుర్రాళ్ళకు కొనుక్కునే శక్తి లేదు. అయినా దారి అందరిదీ అన్న మాట మాత్రం వాళ్ళు నిలుపుకున్నారు.

రాబిన్ హుడ్స్ బే కొండ చీలికలో ఇరికించినట్టున్న ఊరు. నిట్టనిలువు వీధి దిగితే నేరుగా సముద్రంలోకే. పేరుకు రాబిన్ హుడ్‌గానీ ఆయనకీ ఊరికీ సంబంధం ఉందన్న ఆధారం లేదు. ఒకప్పుడు పన్ను ఎగ్గొట్టి సరుకు దింపే దొంగ వ్యాపారానికి పేరు మోసింది. 1881 జనవరిలో తుపానులో 'విజిటర్' అనే ఓడ ఇక్కడ మునిగింది. విట్బీ నుంచి రక్షణ పడవ సముద్రం మీద రాలేకపోయింది. అప్పుడు జనం ఆ పడవను గుర్రాలు కట్టి, మంచు తవ్వుకుంటూ, గుట్టల మీదుగా ఆరు మైళ్ళు ఈడ్చుకొచ్చి ఇక్కడ నీళ్ళలోకి దింపారు. ఓడలోని వాళ్ళు బతికారు. ఆ కథ చదివినప్పుడు, మంచానికి కర్రలు కట్టి పురిటి తల్లిని వాగులు దాటించే మా గుత్తికోయ తమ్ముళ్ళు కళ్ళ ముందు మెదిలారు. అక్కడ ఆ సాహసానికి రాతి పలక ఉంది. ఇక్కడ అది రోజూ జరిగే పని.

సముద్రం తగ్గినప్పుడు అక్కడ నల్లటి రాతి పలకలు మైలు పొడవున బయటపడతాయి. గుంటల్లో పీతలు, రాళ్ళలో శిలాజాలు. కానీ నీళ్ళు తిరిగి వచ్చే వేళ తెలియకపోతే కొండకూ నీటికీ మధ్య చిక్కుకుంటారు. ఆటుపోట్ల వేళలు చూసుకుని గానీ దిగకూడదు. గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని మనకు నోటికి వచ్చినట్టే అక్కడి పిల్లలకు ఆ వేళలు వస్తాయి.

రైలులో కలిసిన నలుగురూ అక్కడే కనిపించారు. చలికి వణుకుతున్నారు. మే నెలాఖరు అయినా మనకు పుష్యమాసం చలి. ఆకలిగా ఉందన్నారు. నేను సంచీ వైపు చూశాను గానీ చెయ్యి పెట్టలేదు. అమ్మాయే డబ్బా తీసింది. మూత తీసి, ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి ఇచ్చింది.

"ఖర్జూరమా ఇది?" అన్నాడొకడు.

"కాదు. ఇప్పపువ్వు. మా అమ్మ ఏరి, ఎండబెట్టి చేసింది. మేము కోయోళ్ళం."

సముద్రం చప్పుడు తప్ప ఒక క్షణం ఏమీ వినపడలేదు. తర్వాత ఆ పిల్లల్లో ఒకమ్మాయి, "మాదీ తండానే అక్కా. మహబూబాబాద్ వైపు" అంది. మిగతావాళ్ళు రెండో లడ్డూ అడిగారు. జరిగింది అంతే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సాయంత్రం బస్సులో మా అమ్మాయి తన తల్లికి ఫోన్ చేసి, అందరి మధ్యా కూర్చుని, కోయలో గట్టిగా అరగంట మాట్లాడింది.

చదువుకు ఆ దేశం వెళ్ళే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెబుతున్నాను. గది, పని, కాలేజీ మధ్యే ఏడాది గడిపేయకండి. నెలకొక్క రోజు బయటికి పోండి. మిడిల్స్‌బ్రో నుంచి విట్బీ మీదుగా స్కార్‌బరో దాకా ఎక్స్93 బస్సు ఉంది. గ్రోమంట్‌లో దిగితే పాత బొగ్గు రైలింజన్ లాగే బండి ఎక్కవచ్చు. దాని దారిలోని గోత్‌లాండ్ స్టేషన్ హ్యారీ పాటర్ మొదటి సినిమాలో కనిపిస్తుంది. స్టేత్స్ కూడా చూడండి. కుక్ పనిచేసిన దుకాణాన్ని సముద్రం ఏనాడో తీసుకుపోయింది. వాన కోటు, గట్టి చెప్పులు, తినడానికి ఏదైనా ఉంటే చాలు. మఠానికీ మ్యూజియానికీ టిక్కెట్టు ఉంటుంది గానీ మెట్లు, కొండ దారి, సముద్రం ఊరికే. వెళ్ళినప్పుడు ఏ ఊరని అడిగితే మీ గూడెం పేరే చెప్పండి.

జూన్‌లో బడి తెరిచాక మొదటి శనివారం మళ్ళీ అదే పీరియడ్. అలవాటుగా మొదలుపెట్టాను. "ఆస్ట్రేలియాను..." అని ఆగాను. "ఆస్ట్రేలియాకు కెప్టెన్ కుక్ వెళ్ళేసరికి అక్కడ ఎవరున్నారు?"

గది నిశ్శబ్దమైంది. ఆ జవాబు ఏ బిట్ల పుస్తకంలోనూ లేదు. చివరి వరసలో కూర్చునే ఒక పిల్లవాడున్నాడు. చదివే వంతు వస్తే చిటికెన వేలు చూపిస్తాడు. వాడు మెల్లగా కోయలో అన్నాడు: "మనలాంటోళ్ళు."

బోర్డు మీద రాయమన్నాను. తెలుగు లిపిలోనే, వాడి కోయ మాటతో.